పెద్దలను కూర్చోబెట్టడమే సేవ కాదు

వృద్ధులైన తల్లిదండ్రుల సేవ మన ధర్మంలో ఎంతటి ఉన్నత స్థానాన్ని పొందిందో ఈ పత్రిక పాఠకులకు ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. దివ్యఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో ఏకదైవారాధనను ఆదేశించిన వెంటనే తల్లిదండ్రుల పట్ల సద్వర్తనను ఆదేశించింది. వారిలో ఒకరు గానీ ఇద్దరు గానీ మన సమక్షంలో వార్ధక్యానికి చేరుకుంటే, విసుగు ధ్వనించే చిన్న శబ్దాన్ని సైతం వారి ముందు పలుకరాదని హెచ్చరించింది. ఈ ఆదేశాన్ని శిరసావహించే కుటుంబాలు, అల్లాహ్ దయవల్ల, మన సమాజంలో నేటికీ ఎన్నో ఉన్నాయి.

అయితే అటువంటి మంచి కుటుంబాలలోనే, సేవ అనే సదుద్దేశంతోనే, పెద్దలకు తెలియకుండా ఒక నష్టం జరుగుతున్నది. ఈ వ్యాసం దాని గురించే.

"అమ్మీ, మీరు లేవకండి, నీళ్లు నేను తెచ్చిస్తాను" అంటుంది కోడలు. "అబ్బా, మెట్లు ఎక్కవద్దు, మీ పక్క కిందనే వేయిస్తాను" అంటాడు కొడుకు. "దాదీ, మీ తస్బీహ్ నేను అందిస్తాను, మీరు కూర్చోండి" అంటుంది మనవరాలు. ప్రతి మాట వెనుకా ప్రేమ ఉన్నది, అదబ్ ఉన్నది. కానీ ఉదయం ఫజ్ర్ నుండి రాత్రి ఇషా వరకు ఈ మాటలే వింటూ గడిపిన పెద్దావిడ, ఒక ఏడాది తిరిగేసరికి, ఎవరైనా చేయి పట్టి లేపితే తప్ప మంచం మీద నుండి లేవలేని స్థితికి చేరుకుంటుంది. అప్పుడు ఇంటిల్లిపాదీ నిట్టూర్చి, "వయసు మీద పడింది కదా" అనుకుంటారు. నిజానికి మీద పడినది వయసు ఒక్కటే కాదు. కదలకుండా కూర్చున్న ఆ ఏడాది కూడా.

రెండు రకాల బలహీనత

మానవుడిని అల్లాహ్ బలహీన స్థితిలో పుట్టించి, ఆ తరువాత బలాన్నిచ్చి, ఆ బలం తరువాత మళ్లీ బలహీనతను, నెరసిన జుట్టును ఇస్తాడని సూరా రూమ్ తెలియజేస్తున్నది. కనుక వార్ధక్యంలో శక్తి తగ్గడం సృష్టి నియమమే. దానిని ఎవరూ ఆపలేరు. కానీ వయసు తెచ్చే బలహీనత వేరు, కూర్చోవడం తెచ్చే బలహీనత వేరు. మొదటిది అల్లాహ్ నిర్ణయం. రెండవది చాలావరకు మన అలవాటు. ఈ రెండింటినీ ఒకటిగా కలిపివేసి, అంతా విధి అని సరిపెట్టుకోవడం వివేకం కాదు.

వైద్యులు ఈ దుర్బలతకు కొన్ని స్పష్టమైన లక్షణాలు చెబుతారు. అమెరికాకు చెందిన వైద్యురాలు లిండా ఫ్రైడ్, ఆమె సహచరులు 2001లో ప్రకటించిన అయిదు లక్షణాలను నేటికీ ప్రపంచమంతటా కొలమానంగా వాడుతున్నారు. ప్రయత్నించకుండానే బరువు తగ్గిపోవడం, ఎప్పుడూ అలసటగా ఉండటం, చేతి పట్టు సడలిపోవడం, నడక మందగించడం, రోజువారీ కదలికలు బాగా తగ్గిపోవడం. వీటిలో మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఆ వ్యక్తి దుర్బల స్థితిలో ఉన్నట్లు. ఒకటి లేక రెండు ఉంటే ఆ మార్గంలో ఉన్నట్లు.

ఇంట్లోనే చేయదగిన పరీక్షలు కూడా ఉన్నాయి. చేతులు ఛాతీకి అడ్డంగా కట్టుకొని, కుర్చీలో నుండి అయిదుసార్లు లేచి కూర్చోమనండి. ఒకరు పక్కనే నిలబడి ఉండాలి. దానికి 12 సెకన్లు గానీ అంతకుమించి గానీ పడితే కాళ్ల శక్తి తగ్గినట్లని ఆసియా దేశాల వైద్య నిపుణుల బృందం 2019లో సూచించింది. మరొకటి దర్జీ టేపుతో పిక్క చుట్టుకొలత చూడటం. పిక్క అత్యంత లావుగా ఉన్నచోట పురుషులకు 34 సెంటీమీటర్ల కన్నా, స్త్రీలకు 33 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే కండ క్షీణిస్తున్నదని అనుమానించి వైద్యునికి చూపించాలి. ఈ కండ క్షీణతనే వైద్య పరిభాషలో సార్కోపీనియా అంటారు.

మన అమ్మీ, అబ్బాల షుగరు ఎంత, బీపీ ఎంత అని అడిగితే వెంటనే చెప్పగలం. వారు కుర్చీలో నుండి ఒంటరిగా లేవగలరా అని అడిగితే ఎందరం చెప్పగలం?

మంచం చేసే నష్టం

కండరం వాడితే నిలుస్తుంది, వాడకపోతే కరుగుతుంది. యువకుడు వారం రోజులు మంచం పట్టినా త్వరగానే కోలుకుంటాడు. వృద్ధుని విషయం అలా కాదు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను కేవలం 10 రోజులు మంచం మీద విశ్రాంతిగా ఉంచి చూసిన ఒక అమెరికన్ పరిశోధన 2007లో ప్రచురితమైంది. ఆ పది రోజులలోనే వారి కాళ్ల నుండి దాదాపు ఒక కిలో కండ తరిగిపోయింది. వారు రోగులు కారు, ఆరోగ్యవంతులు. ఇక జ్వరమో, న్యుమోనియానో వచ్చి ఆస్పత్రిలో చేరిన 80 ఏళ్ల మనిషి సంగతి ఊహించుకోవచ్చు. రోగం నయమై ఇంటికి వస్తారు. కానీ నడుచుకుంటూ వెళ్లినవారు చక్రాల కుర్చీలో తిరిగి వస్తారు. "మందులు పడలేదు" అని ఇంటివారు అనుకుంటారు. చాలాసార్లు లోపం మందులలో ఉండదు, మంచంలో ఉంటుంది.

దీనికి విరుగుడు ఉన్నదని స్పెయిన్ దేశంలోని పాంప్లోనా నగరంలో నిరూపించారు. అక్కడి ఆస్పత్రిలో చేరిన 75 ఏళ్లు పైబడిన 370 మంది రోగులపై జరిగిన పరిశోధన 2019లో వెలువడింది. కొందరికి మామూలు చికిత్స మాత్రమే ఇచ్చారు. మిగిలినవారికి చికిత్సతో పాటు కొద్ది రోజులపాటు, ఉదయం కొంతసేపు, సాయంత్రం కొంతసేపు, పర్యవేక్షణలో వ్యాయామం చేయించారు. మొదటి వర్గంవారు తమ పనులు తాము చేసుకొనే సామర్థ్యాన్ని కొంత కోల్పోయి ఇంటికి వెళ్లారు. రెండవ వర్గంవారు ఆ నష్టం లేకుండా వెళ్లారు.

ఇక పడిపోతామన్న భయం మరో శత్రువు. ఒకసారి జారిపడిన పెద్దలు నడవటానికి జంకుతారు. నడక తగ్గితే కాళ్లు మరింత బలహీనపడతాయి. బలహీనపడిన కాళ్లు మళ్లీ తడబడతాయి. ఈ విషవలయంలో చిక్కుకున్నవారికి తుంటి ఎముక విరిగితే, ఆ తరువాత మంచమే లోకమైపోయే ప్రమాదం ఉన్నది. అందువల్ల పడతారేమోనని నడక మాన్పించడం రక్షణ కాదు. పడకుండా నిలబడే బలాన్ని కాళ్లకు ఇవ్వడమే రక్షణ.

తొంభై ఏళ్ల కండరాలు

"ఈ వయసులో వ్యాయామమా?" అని నవ్వేవారు ఒక విషయం తెలుసుకోవాలి. అమెరికాలోని బోస్టన్ నగరంలో మరియా ఫియటరోన్ అనే వైద్యురాలి బృందం 1990లో ఒక ప్రయోగ ఫలితాలను ప్రకటించింది. వృద్ధాశ్రమంలో నివసిస్తున్న పదిమందిని ఎంచుకున్నారు. వారి సగటు వయసు 90 ఏళ్లు. ఎనిమిది వారాలపాటు నిపుణుల పర్యవేక్షణలో కాళ్లతో బరువులు ఎత్తించారు. బరువును క్రమంగా పెంచుతూ పోయారు. ఒకరు మధ్యలో మానుకోగా తొమ్మిది మంది పూర్తిచేశారు. వారి కాళ్ల శక్తి సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్రను పక్కన పెట్టి నడవగలిగారు. తొంభై ఏళ్ల కండరం సైతం పిలిస్తే పలుకుతుందన్నమాట.

ఆ ప్రయోగంలో మరో పాఠం కూడా ఉన్నది. శిక్షణ ఆపివేసిన నాలుగు వారాలకే వారి శక్తి 32 శాతం తగ్గిపోయింది. కొద్దిదైనా సరే, నిరంతరం కొనసాగే ఆచరణే అల్లాహ్‌కు మిక్కిలి ప్రియమైనదని దైవప్రవక్త (స) బోధించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. ఆ హదీసు ఆరాధనల గురించినదే అయినా, దేహ సంరక్షణకూ అదే సూత్రం వర్తిస్తున్నది.

అదే బృందం 1994లో వంద మంది వృద్ధులపై, సగటున 87 ఏళ్ల వయసువారిపై, పది వారాల ప్రయోగం చేసింది. వ్యాయామం చేసినవారి కండర శక్తి రెట్టింపుకు మించి పెరిగింది. నడక వేగం, మెట్లెక్కే శక్తి మెరుగుపడ్డాయి. వ్యాయామం లేకుండా కేవలం బలవర్ధక పానీయం తాగినవారిలో అటువంటి మార్పు కనిపించలేదు. పెద్దలకు ఖరీదైన డబ్బా పొడులు కొనిపెట్టి బాధ్యత తీరిందనుకునేవారు ఈ విషయాన్ని గమనించాలి.

మరొక పెద్ద పరిశోధన 2014లో వెలువడింది. కదలికలు మందగించిన 70 నుండి 89 ఏళ్ల మధ్య వయసువారు 1,635 మంది అందులో పాల్గొన్నారు. సగటున రెండున్నరేళ్లకు పైగా నడక, కాళ్ల వ్యాయామం, నిలకడ సాధన చేసినవారిలో, 400 మీటర్ల దూరం నడవలేని స్థితికి చేరే ప్రమాదం 18 శాతం తగ్గింది. 400 మీటర్లంటే మనలో చాలామందికి ఇంటి నుండి మస్జిదుకు ఉన్న దూరం.

మన తెలుగునాట కూడా ఉదాహరణలకు కొదవలేదు. 1929లో జన్మించిన భౌతికశాస్త్ర ఆచార్యురాలు చిలుకూరి శాంతమ్మ గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేశారు. మోకాళ్ల శస్త్రచికిత్స తరువాత, తొంభై ఏళ్లు దాటిన వయసులో, చేతికర్రల సాయంతో విజయనగరంలోని విశ్వవిద్యాలయానికి వెళ్లి పాఠాలు చెప్పడం పత్రికల ద్వారా మనందరికీ తెలిసినదే. అందరికీ అంతటి ఆరోగ్యం లభించకపోవచ్చు. కానీ చేతికర్ర పట్టుకోవడమంటే ఆగిపోవడం కాదని, సాగిపోవడమని ఆమె జీవితం చూపుతున్నది. హజ్రత్ మూసా (అలై) తన చేతికర్రపై ఆనుకుంటానని, దానితో తన మేకలకు ఆకులు రాలుస్తానని అల్లాహ్‌తో విన్నవించుకున్న సందర్భం ఖుర్ఆన్‌లో ఉన్నది కదా! చేతికర్ర పట్టడంలో చిన్నతనమేమీ లేదు.

నమాజులో నిలబడటం, కూర్చోవడం

నమాజును వ్యాయామంగా భావించరాదు. అది అల్లాహ్ ఆరాధన. దాని ఉద్దేశం ఆయన ప్రసన్నతే. అయితే ఆయన తన దాసులకు విధించిన ఆరాధనలో నిలబడటం, వంగడం, సాష్టాంగపడటం, మళ్లీ లేవడం ఉన్నాయన్నది వాస్తవం. రోజుకు అయిదు పూటలా నేల మీద నుండి లేచే మనిషి తొడలకు, నడుముకు, చీలమండలకు పని దొరుకుతూనే ఉంటుంది.

నేడు మన మస్జిదులలో వెనుక వరుసలలో కుర్చీలు ఏటేటా పెరుగుతున్నాయి. నిజంగా అవసరమైనవారికి అవి అల్లాహ్ అనుగ్రహించిన సౌలభ్యం. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) వ్యాధిగ్రస్తులై ఉన్నప్పుడు దైవప్రవక్త (స) ఆయనకు నిలబడి నమాజు చేయమని, అది సాధ్యం కాకపోతే కూర్చొని, అదీ సాధ్యం కాకపోతే పక్కకు పడుకొని చేయమని తెలిపారు. ఈ హదీసు బుఖారీలో ఉన్నది. ఇందులోని క్రమాన్ని గమనించండి. మొదటి మెట్టు నిలబడటమే. శక్తి ఎక్కడ ఆగితే అక్కడ రాయితీ మొదలవుతుంది. శక్తి ఉండగానే రాయితీలోకి దిగడం ఆ హదీసు ఉద్దేశం కాదు.

ఈ విషయంలో హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం ఎంతో విలువైనది. దైవప్రవక్త (స) వయసు పైబడిన తరువాత రాత్రి నమాజులో కూర్చొని పారాయణం చేసేవారని, ఇంకా ముప్పయి నలభై ఆయతులు మిగిలి ఉండగా లేచి నిలబడి, వాటిని పఠించి, రుకూలోకి వెళ్లేవారని ఆమె తెలిపారు. పూర్తిగా నిలబడలేకపోతే పూర్తిగా కూర్చోవడం ఒక్కటే మార్గం కాదని, కొంత కూర్చొని, కొంత నిలబడే మార్గం కూడా ఉన్నదని దీని నుండి గ్రహించవచ్చు. వయసు పైబడి, దేహం బరువెక్కిన దశలో ఆయన తన నమాజు స్థలంలో ఆనుకోవడానికి ఒక స్తంభాన్ని ఏర్పాటు చేసుకున్నారని అబూ దావూద్ గ్రంథంలో ఉన్నది.

అలాగని శక్తికి మించి శ్రమించమని కూడా ధర్మం చెప్పదు. మస్జిదులో రెండు స్తంభాల మధ్య కట్టిన తాడును చూసి దైవప్రవక్త (స) అది ఏమిటని అడిగారు. అలసట కలిగినప్పుడు పట్టుకోవడానికి హజ్రత్ జైనబ్ (రజి) కట్టుకున్నారని చెప్పగా, దానిని విప్పించారు. ఉత్సాహం ఉన్నంతసేపు నమాజు చేయాలని, అలసిపోతే కూర్చోవాలని బోధించారు. వృద్ధుల వ్యాయామానికి ఇంతకన్నా మంచి కొలత మరొకటి లేదు. చేయగలిగినంత తప్పక చేయాలి, అలసినప్పుడు తప్పక ఆగాలి.

కుర్చీలో నమాజు చేసేవారు తకబీర్‌కూ ఖియామ్‌కూ ఎంతమేరకు నిలబడాలి, సజ్దా ఎలా చేయాలి అన్న విషయాలను తమ మస్జిద్ ఇమామును గానీ, ముఫ్తీ సాహెబును గానీ అడిగి తెలుసుకోవాలి. వారిని అడిగేముందు మోకాళ్ల స్థితి గురించి వైద్యునితో మాట్లాడితే, జవాబు మరింత స్పష్టంగా లభిస్తుంది.

మస్జిదుకు వేసే అడుగుల విలువ కూడా మరువరాదు. బనూ సలమా తెగవారు దూరంగా ఉన్న తమ ఇళ్లను వదలి మస్జిదుకు సమీపానికి మారాలనుకున్నప్పుడు, వారి అడుగులు లిఖించబడుతున్నాయని, ఉన్నచోటనే ఉండమని దైవప్రవక్త (స) సలహా ఇచ్చారు. నడవగలిగిన తాతగారిని వీధి చివర మస్జిదుకు సైతం స్కూటరు మీద దించివచ్చే మనవడు, ఆయనతో కలిసి నడిస్తే ఇద్దరికీ పుణ్యమే. స్కూటరును వర్షం రోజులకు ఉంచుకోవచ్చు.

మన ఇళ్లలో, మన వీధులలో

సికింద్రాబాద్‌లో పరేడ్ గ్రౌండ్ చుట్టూ, సంజీవయ్య పార్కులో వేకువజామున నడిచేవారు కనిపిస్తారు. కానీ వారిలో మన ఇళ్ల ముదుసలి స్త్రీలు ఎందరు? చిలకలగూడ, బోయిన్‌పల్లి, రసూల్‌పురా, భోలక్‌పూర్ వంటి బస్తీల ఇరుకు సందులలో, రెండు గదుల ఇళ్లలో ఉండే దాదీలకు, నానీలకు పార్కు చాలా దూరం. ఫుట్‌పాత్ ఉన్నచోట బండ్లు నిలిపి ఉంటాయి. లేనిచోట ఆటోలు, మోటారు సైకిళ్లు. ఇటువంటి పరిస్థితిలో "రోజూ వాకింగ్ చేయండి" అని చెప్పి ఊరుకుంటే అది సలహా కాదు. కాబట్టి నాలుగు గోడల మధ్యనే, డబ్బు ఖర్చు లేకుండా చేయదగిన కొన్ని సాధనలు ఇక్కడ తెలుపుతున్నాను.

లేచి కూర్చోవడం: గట్టి కుర్చీని కదలకుండా గోడకు ఆనించండి. పాదాలు నేలకు ఆనించి, కొద్దిగా ముందుకు వంగి, నెమ్మదిగా లేచి, నెమ్మదిగా కూర్చోవాలి. మొదట చేతుల ఆసరా తీసుకోవచ్చు. ఉదయం అయిదుసార్లు, సాయంత్రం అయిదుసార్లు మొదలుపెట్టి, వారాలు గడిచేకొద్దీ పదికి పెంచాలి. ఒక్క సాధన మాత్రమే చేయగలిగితే దీనినే చేయండి. మంచం దిగడానికి, మరుగుదొడ్డి నుండి లేవడానికి పనికివచ్చే శక్తి ఇదే.

మడమలు ఎత్తడం: వంటగది గట్టును రెండు చేతులతో పట్టుకొని, మునివేళ్లపై లేచి, మెల్లగా దిగాలి. పిక్కలు బలపడతాయి.

నిలకడ: అదే గట్టును పట్టుకొని, ఒక పాదం ముందు మరో పాదం ఆనించి పది సెకన్లు నిలబడాలి. అలవాటైన తరువాత ఒంటికాలిపై నిలబడే ప్రయత్నం చేయవచ్చు. పక్కన మనిషి ఉండాలి.

గోడను నెట్టడం: గోడకు చేయి చాచినంత దూరంలో నిలబడి, అరచేతులు ఆనించి, మోచేతులు వంచి ముందుకు వచ్చి, మళ్లీ వెనక్కి నెట్టుకోవాలి. భుజాలకు, చేతులకు మంచిది.

నీళ్ల సీసాలు: అర లీటరు సీసాలు రెండింటిని చేతులలో పట్టుకొని, కూర్చునే మోచేతులు వంచి ఎత్తి దించవచ్చు.

నడక: ఇంట్లో, వరండాలో, పిట్టగోడ ఎత్తుగా ఉన్న మిద్దె మీద, పది నిమిషాల చొప్పున రోజుకు రెండు మూడుసార్లు. నడుస్తూ మాట్లాడగలిగేంత వేగం చాలు. మాట తెగిపోయేంత ఆయాసం వస్తే ఆగాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో 65 ఏళ్లు దాటినవారికి వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ శ్రమను, కనీసం రెండు రోజులు కండరాల సాధనను, మూడు రోజులు నిలకడ సాధనను సూచించింది. ఈ సంఖ్యలు చూసి జంకవలసిన పనిలేదు. అంత చేయలేనివారు చేయగలిగినంత చేయాలని, కొంతైనా చేయడం ఏమీ చేయకపోవడం కన్నా మేలని అదే సంస్థ స్పష్టం చేసింది.

వీటన్నిటికన్నా ముందు, ఇంటి పనిలో పెద్దలకు వాటా ఇవ్వండి. చిక్కుడుకాయలు ఒలవడం, ఆరిన బట్టలు మడతపెట్టడం, మొక్కలకు నీళ్లు పోయడం, మనవలను అరబీ ఖాయిదాకు కూర్చోబెట్టడం వంటి పనులు దేహానికి కదలికను, మనసుకు గౌరవాన్ని ఇస్తాయి. "నీవు చేయనవసరం లేదు" అన్న మాట పదేపదే వింటే, "నా అవసరం లేదు" అని వినిపించే వయసు అది.

పాటించవలసిన జాగ్రత్తలు

గుండెజబ్బు, అదుపులో లేని బీపీ, ఇటీవల శస్త్రచికిత్స లేక ఎముక విరగడం, తరచుగా పడిపోవడం ఉన్నవారు మొదట వైద్యుని సలహా తీసుకోవాలి. బీపీ, షుగరు పరీక్షలకు నగరంలోని బస్తీ దవాఖానాలను ఉపయోగించుకోవచ్చు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, విపరీతమైన ఆయాసం కలిగితే వెంటనే ఆపి వైద్యునికి చూపించాలి. ఇన్సులిన్ తీసుకునేవారు ఖాళీ కడుపుతో వ్యాయామం చేయరాదు. రమజానులో ఉపవాసమున్న పెద్దలు ఇఫ్తార్ తరువాత, కొంత విరామంతో, తేలికగా చేసుకోవడం మంచిది. కొత్తగా మొదలుపెట్టినప్పుడు తొడలు, పిక్కలు ఒకటి రెండు రోజులు లాగినట్లుండటం సహజం. కీలులో పదునైన నొప్పి, వాపు మాత్రం సహజం కాదు.

ఇంటిని కూడా ఒకసారి పరికించండి. వుజూ చేసేచోట తడి, ఫజ్ర్ వేళ చీకటి, అరిగిన రబ్బరు చెప్పులు, నేలకు జీరాడే దుస్తులు, ముడతలు పడిన జానిమాజ్ పెద్దలను పడవేసేవి ఇవే. స్నానపు గదిలో ఒక పట్టుకడ్డీ, వుజూకు ఒక ఎత్తయిన పీట, పడక దగ్గర చిన్న దీపం ఉంటే చాలా ప్రమాదాలు తప్పుతాయి.

సాధనకు తోడు ఆహారం కావాలి. పళ్లు లేవని, అరగదని పెద్దలకు చారు అన్నం, టీలో ముంచిన బిస్కెట్లు పెట్టి సరిపుచ్చితే కండ ఎక్కడి నుండి వస్తుంది? మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు దేహం బరువులో కిలోకు 0.83 గ్రాముల మాంసకృత్తులను 2020లో సిఫారసు చేసింది. వృద్ధులకు కిలోకు ఒక గ్రాము నుండి 1.2 గ్రాముల వరకు మేలని అంతర్జాతీయ నిపుణులు చెబుతున్నారు. అంటే 50 కిలోల మనిషికి రోజుకు 50 నుండి 60 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములుంటాయి. మెత్తగా ఉడికిన పప్పు, పెరుగు, పాలు, గుడ్డు, చేప, మెత్తని ఖీమా మూడు పూటలకు పంచి ఇవ్వాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుడు చెప్పిన మోతాదునే పాటించాలి.

సంతానానికి, మస్జిద్ కమిటీలకు ఒక మాట

సేవ అంటే పెద్దల పనులన్నీ మనమే చేసివేయడం కాదు. వారు తమ పని తాము చేసుకొనేటప్పుడు పక్కన నిలబడటం అంతకన్నా కష్టమైన సేవ. అబ్బా కుర్చీలో నుండి లేవడానికి అర నిమిషం పడితే, చంకలో చేయివేసి లాగకుండా ఆ అర నిమిషం ఓపిక పట్టడం ఖిద్మత్. అమ్మీ నీళ్ల గ్లాసు కోసం వంటగది దాకా నడుస్తుంటే, దారిలోని బొమ్మలు, చెప్పులు తీసివేయడం ఖిద్మత్. రోజుకు పది నిమిషాలు వారితో కలిసి లేచి కూర్చుంటూ లెక్కపెట్టడం ఖిద్మత్. ఆ పది నిమిషాలలో ఫోను పక్కన పెట్టాలని వేరుగా చెప్పాలా?

మస్జిద్ కమిటీల సోదరులు మెట్లకు ఇరువైపులా పట్టుకడ్డీలు, వుజూఖానాలో జారని చాపలు, ఎత్తయిన కొన్ని పీటలు ఏర్పాటు చేయవచ్చు. ఒక పాలరాతి పలక ధరకన్నా వీటికయ్యే ఖర్చు తక్కువ. అసర్ తరువాత పావుగంట మస్జిద్ ప్రాంగణంలో పెద్దలు కలిసి నడిచే అలవాటు చేస్తే, ఒంటరితనం కూడా తగ్గుతుంది.

హజ్, ఉమ్రాలకు సంకల్పించిన పెద్దల కుటుంబాలు మరింత ముందుగా మేల్కొనాలి. సఫా, మర్వాల మధ్య ఏడు పర్యాయాల సయీ దూరమే మూడు కిలోమీటర్లకు మించుతుంది. తవాఫ్, మినా, అరఫాత్ నడకలు దానికి అదనం. పాస్‌పోర్టు తీసిననాడే నడక కూడా మొదలుపెట్టడం మంచిది. అస్వస్థత వల్ల నడవలేని హజ్రత్ ఉమ్మె సలమా (రజి)కు వాహనంపై కూర్చొని జనం వెనుక నుండి తవాఫ్ చేయడానికి దైవప్రవక్త (స) అనుమతించారు. ఆ సౌలభ్యం ఎప్పుడూ ఉన్నది. అయితే కాబా చుట్టూ తన కాళ్లపై తాను తిరగాలని జీవితమంతా కలగన్న తల్లికి, ఆ కోరిక తీరేందుకు మూడు నెలల ముందు నుండి తోడుండటం సంతానం ఇవ్వగల గొప్ప కానుక.

బలవంతుడైన విశ్వాసి అల్లాహ్‌కు బలహీనుడైన విశ్వాసి కన్నా ప్రియమైనవాడని, అయితే ఇద్దరిలోనూ మేలున్నదని దైవప్రవక్త (స) తెలిపారు. మంచం పట్టి కదలలేని పెద్దలలోనూ మేలున్నది. వారి సహనానికి, వారి దువాలకు అల్లాహ్ వద్ద ఎంతో విలువ ఉన్నది. వారిని ఎవరూ చిన్నచూపు చూడరాదు. కానీ లేవగలిగినవారిని లేవనివ్వకపోవడం వారి హక్కును హరించడమే. అశక్తత నుండి, సోమరితనం నుండి, నిస్సహాయమైన ముదిమి నుండి అల్లాహ్ శరణు కోరడం దైవప్రవక్త (స) మనకు నేర్పారు. ఈ మూడింటినీ ఆయన ఒకే దువాలో చేర్చారు. ఆ దువాను మన పెద్దల కోసం చేస్తూనే, ఈ రోజు అసర్ తరువాత వారి ముందు ఒక గట్టి కుర్చీ వేసి, "రండి అమ్మీ, ఇద్దరం కలిసి అయిదుసార్లు లేద్దాం" అని పిలవండి. అల్లాహ్ మన పెద్దలకు తమ కాళ్లపై తాము నిలిచే శక్తిని, మనకు వారి పక్కన నిలిచే ఓపికను ప్రసాదించుగాక! ఆమీన్.